'ది స్మాలెస్ట్ షో ఆన్ ఎర్త్' అంత చిన్నచూపు చూడవలసిన సినిమానా?

కొత్తపేట, గుంటూరు:

పాత బ్రిటిష్ హాస్య చిత్రాల ప్రస్తావన వస్తే అందరూ ఈలింగ్ స్టూడియో దగ్గరే ఆగిపోతారు. ఆ స్టూడియో తీసిన 'ది లేడీకిల్లర్స్' గొప్పదే, కాదనను. కానీ 1957లో బాసిల్ డియర్డెన్ తీసిన 'ది స్మాలెస్ట్ షో ఆన్ ఎర్త్' పేరెత్తగానే మా సినిమా మిత్రులు పెదవి విరుస్తున్నారు. కథ పలచనట, ఉత్త కాలక్షేపమట. ఆ మాట నాకు మింగుడు పడటం లేదు.

చూడనివారి కోసం కథ కొంచెం చెబుతాను. ఒక యువ జంటకు దూరపు తాత ఆస్తిగా సినిమా హాలు వస్తుంది. ఊళ్లో వెలిగిపోతున్న 'గ్రాండ్' తమదేనని మురిసిపోతారు. తీరా చూస్తే తమ వాటాకు వచ్చింది రైలుకట్ట పక్కన పాడుబడ్డ 'బిజూ'. రైలు వెళ్లినప్పుడల్లా హాలంతా అదురుతుంది. హాలుతోపాటు ముగ్గురు ముసలి ఉద్యోగులూ సంక్రమిస్తారు: టికెట్లమ్మే మార్గరెట్ రూథర్‌ఫర్డ్, గుమ్మం దగ్గర కాపలా ఉండే బెర్నార్డ్ మైల్స్, ప్రొజెక్టరు ఆపరేటరుగా పీటర్ సెల్లర్స్. సెల్లర్స్‌కు అప్పటికి ముప్పై రెండేళ్లు కూడా నిండలేదు. తాగుడుకు బానిసైన ఆ ముసలి ఆపరేటరును చూస్తే ఆ మాట నమ్మబుద్ధి కాదు.

మా నాన్నగారు గుంటూరులోనే ఒక హాల్లో ఆపరేటరుగా పనిచేసేవారు. ఆ రోజుల్లో ప్రొజెక్టరులో వెలుగునిచ్చే రెండు కార్బన్ కడ్డీలు కాలి తరిగే కొద్దీ వాటి మధ్య ఎడం సరిచేస్తూ ఉండాల్సి వచ్చేది, లేకపోతే బొమ్మ మసకబారేది. రీలు అయిపోవచ్చేముందు తెర కుడివైపు పైమూల చిన్న చుక్క మెరిసేది. అది కనిపెట్టి రెండో ప్రొజెక్టరు మీదున్న తర్వాతి రీలు అందించాల్సి వచ్చేది. దాదాపు ఇరవై నిమిషాలకోసారి ఇదే పరీక్ష. బొమ్మ ఆగితే ఈలలూ తిట్లూ ఆయనకే. సవ్యంగా నడిచిన రోజున అక్కడొక మనిషి ఉన్నాడన్న ధ్యాస ఎవరికీ ఉండేది కాదు. ఆ గదిలోకి మనల్ని తీసుకెళ్లి, నవ్విస్తూనే ఆ పనికి మర్యాద ఇచ్చిన హాస్య చిత్రం ఇది.

నా ఇష్టానికి కారణం మా నాన్నగారేనా, సినిమాలోనే బలముందా? చూసినవారు నిర్మొహమాటంగా చెప్పండి.

గవర్నర్‌పేట, విజయవాడ:

నిర్మొహమాటంగా అన్నారు కనుక చెబుతున్నానండీ. నటులు గొప్పవారు, కథ వారికి సాటి రాలేదు. ఆ యువ జంట మరీ చప్పగా ఉంటారు. వాళ్లు మాట్లాడుతున్నంతసేపూ నేను ముసలివాళ్లు ఎప్పుడొస్తారా అని చూశాను. ఇక ముగింపు. పోటీ హాలు 'గ్రాండ్' తగలబడిపోతుంది, చిక్కులన్నీ ఒక్క రాత్రిలో తీరిపోతాయి. 'లేడీకిల్లర్స్' రాసిన విలియం రోజ్‌కు ఈ కథలోనూ చేయి ఉంది. అక్కడ దొంగలు ఒక్కొక్కరే చస్తారు, ఆ చావులు వాళ్ల గుణం నుంచే పుడతాయి. ఇక్కడ నిప్పు రచయిత అవసరం కొద్దీ వచ్చింది.

ఎడారి బొమ్మ ఆడుతుంటే హాల్లో వేడి పెంచి చల్లటివి అమ్ముకునే ఘట్టం మాత్రం నాకు చాలా ఇష్టం. బెజవాడ ఎండల్లో సినిమాలు చూసినవాణ్ని, దాహం ఎలా అమ్ముడుపోతుందో బాగా తెలుసు.

సత్యనారాయణపురం, విజయవాడ:

రైల్వేలో గార్డుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. నా ఓటు 1937 నాటి 'ఓ, మిస్టర్ పోర్టర్!'కి. చేతకాని మనిషిని బంధువుల పలుకుబడితో ఉత్తర ఐర్లండులోని ఒక మారుమూల స్టేషనుకు మాస్టరుగా పంపుతారు. అక్కడ ఒక పళ్లూడిన ముసలాయన, ఒక బొద్దు కుర్రవాడు తమ సొంత రాజ్యం నడుపుతుంటారు. నిబంధనల పుస్తకం చేతపట్టుకుని ఆ ఇద్దరి మధ్య నలిగిపోయే విల్ హేని చూసి నేను కడుపు పట్టుకుని నవ్వాను. అలాంటి స్టేషన్లు, అలాంటి మనుషులు నాకు తెలుసు. బడుద్ధాయి పాత్రలతో పేరు తెచ్చుకున్న ఈ విల్ హే 1933లో తన సొంత టెలిస్కోపుతో శనిగ్రహం మీద తెల్లమచ్చను కనిపెట్టిన ఖగోళ పరిశీలకుడు కూడా.

మీ సినిమాలో రైలు హాలును కుదిపి పోతుంది. ఇందులో రైలే కథ. అంతే తేడా.

కొత్తపేట, గుంటూరు:

ఇద్దరికీ ధన్యవాదాలు. గవర్నర్‌పేట వారితో ఒక విషయంలో వాదిస్తాను. ఆట అయిపోయాక ఆ ముగ్గురూ తమ కోసం ఒక మూకీ సినిమా వేసుకుంటారు, జ్ఞాపకం ఉందా? సెసిల్ హెప్‌వర్త్ 1923లో తీసినది. రూథర్‌ఫర్డ్ పియానో వాయిస్తుంది, సెల్లర్స్ బొమ్మ నడుపుతాడు, కాపలాదారు కూర్చుని చూస్తాడు. ఆ ఘట్టంలో ఒక్క హాస్యపు మాట లేదు. మన విజయవాడ మారుతి హాలు 1921లో మూకీలతోనే మొదలైంది. ఆ కాలం మనుషులకు హాలంటే ఏమిటో ఆ కాసేపట్లో తెలుస్తుంది. చివర పోటీ హాలుకు నిప్పు పెట్టేది ఆ ముసలి కాపలాదారే. తమ హాలును కాపాడుకోవడానికి ఆయన ఎంతకైనా తెగిస్తాడని నేను అక్కడే నమ్మాను. ఆ నిప్పు రచయిత అవసరం కాదు, ఆయన గుణమే.

గవర్నర్‌పేట, విజయవాడ:

మూకీ ఘట్టం గురించి మీరన్నది నిజం. ఆ ఒక్క ఘట్టం కోసం మళ్లీ చూస్తాను. ముగింపు మాత్రం నాకు ఇప్పటికీ నచ్చదు. పక్కవాడి హాలు కాలిపోతే అందులోనూ ఒక ఆపరేటరు ఉంటాడు కదండీ. అతని జీతం సంగతి సినిమా అడగదు.

సత్యనారాయణపురం, విజయవాడ:

రెండు సినిమాలూ కలిపినా మూడు గంటలు పట్టవు. గుంటూరులో మీ మిత్రులకు ఒకే సాయంత్రం వేసి చూపించండి, నేను బండెక్కి వస్తాను. ముందు పోర్టర్ వేయండి.