జాకెట్టు ముక్కలతో కంటి పట్టీ: ముక్కు పక్క వెలుతురు ఆగట్లేదు

ప్రశ్న:
మా ఆయనకు నెలలో పదిహేను రోజులు నైట్ షిఫ్ట్. పొద్దున ఎనిమిదింటికి వచ్చి పడుకుంటే తూర్పు కిటికీ ఎండ నేరుగా మొహం మీదే. అందుకే మిగిలిన జాకెట్టు ముక్కలతో కంటి పట్టీ కుట్టాను. పైన సిల్కు, లోపల తెల్ల లైనింగ్, మధ్యలో పాత టర్కీ తువాలు ముక్క ఒక పొర. చూడ్డానికి బాగానే ఉంది గానీ ముక్కు పక్కనుంచి వెలుతురు వస్తోందట. పైగా తిరగేశాక వంపుల దగ్గర అన్నీ ముడతలే. ఏం చేయాలి?

జవాబు 1:
జాకెట్టు మెడ తిప్పేటప్పుడు గాట్లు పెడతాం కదా, అవే ఇక్కడా పెట్టండి. ముక్కు వంపులో దగ్గర దగ్గరగా, కుట్టు తెగకుండా. తువాలు ముక్కను కుట్టు లోపలికే ఆగేలా పావు అంగుళం తగ్గించి కత్తిరించండి. అది కుట్టులో పడితే అంచు లావెక్కి ముడత తప్పదు.

జవాబు 2:
తెల్ల లైనింగ్ ఎందుకండీ, నల్లది వేయండి. ముక్కు దగ్గర లోపలివైపు అర్ధచంద్రం ఆకారంలో చిన్న రెక్క వదులుగా కుట్టండి, సందు మూసుకుంటుంది. లైనింగ్ ముందే తడిపి ఆరేయండి. నేను బద్ధకించాను, మొదటి ఉతుక్కే ముడుచుకుపోయింది.

అడిగినావిడ:
విప్పి మళ్లీ కుట్టాను. నల్ల లైనింగ్ లేక పాత లంగా గుడ్డే వేశా. రెక్క ముక్కుకు గిలిగింతలు పెడుతోందని గొణిగారు గానీ, మధ్యాహ్నం రెండు దాకా లేవలేదు! ఎలాస్టిక్ మాత్రం ఇంకో అంగుళం వదలాలి, చెవుల మీద గీత పడింది.