గట్టి మంచు మీద వేగంగా కార్వింగ్: చవగ్గా వచ్చే పాత రేస్ స్కీలు తీసుకోవచ్చా?

మంచుగీత:
ఎత్తు 178 సెం.మీ., బరువు 78 కిలోలు. పిస్ట్ (యంత్రంతో దువ్వి చదును చేసిన స్కీ బాట) దాటి బయటికి వెళ్లే పని లేదు. పొద్దున్నే దువ్వి వదిలిన గట్టి మంచు మీద, ఎర్ర, నల్ల (కష్టమైన, అతి కష్టమైన) బాటల్లో వేగంగా కార్వ్ చేయడానికే (జారకుండా అంచు మీదే వంపు తిరగడానికే) స్కీలు కావాలి. ఇప్పుడున్నవి 172 సెం.మీ. ఆల్‌మౌంటెన్ (అన్ని రకాల మంచుకీ వాడే) రకం, నడుము (స్కీ మధ్యలో వెడల్పు) 82 మి.మీ., లోపల లోహపు పొర లేదు. వేగం పెరిగితే ముందు కొసలు టపటపా కొట్టుకుంటాయి, గట్టి చోట టర్న్ సగంలో అంచు జారిపోతుంది.

కొత్త టాప్ మోడల్ కొనే బడ్జెట్ లేదు. పోటీల్లో వాడిన 193 సెం.మీ. జీఎస్ (జెయింట్ స్లాలోమ్, పెద్ద టర్న్‌ల పోటీ) స్కీలు మాత్రం ప్లేటూ బైండింగూ (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు) కలిపి కొత్తవాటి ధరలో ఐదో వంతుకే కనిపిస్తున్నాయి. వేగమే కావాలి కదా, ఇవి తీసుకుంటే ఏమైనా ఇబ్బందా? కాదంటే ఏ కొలతలు చూడాలి?

వాలుబాట:
ఆ 193 వదిలేయండి. మామూలు పిస్ట్ మీద వాటిని వంచగలిగేవాళ్లు తక్కువ కాబట్టే అంత చవగ్గా వస్తున్నాయి. ఎఫ్‌ఐఎస్ (అంతర్జాతీయ స్కీ సమాఖ్య) నిబంధనల ప్రకారం మగవాళ్ల జీఎస్ స్కీకి సైడ్‌కట్ రేడియస్ (స్కీ పక్క అంచు వంపు ఏ వృత్తంలో భాగమో దాని వ్యాసార్థం) కనీసం 30 మీటర్లు. దానికి ముందు కొన్నేళ్లపాటు 195 సెం.మీ., 35 మీటర్లు ఉండేది. పాత జతల్లో అవి కూడా కలిసిపోయి అమ్మకానికి వస్తుంటాయి.

స్కీని ఎంత వాల్చితే అది గీసే వంపు అంత చిన్నదవుతుంది. 45 డిగ్రీలు వాల్చితే రేడియస్‌లో సుమారు 0.7 వంతు, 60 డిగ్రీలకు సగం. కానీ వాల్చాలంటే పడిపోకుండా నిలబెట్టే వేగం ఉండాలి. వాలును పక్కనపెట్టి చదునైన నేల మీద లెక్క వేస్తే, 45 డిగ్రీలు వాలి నిలవడానికి 13 మీటర్ల స్కీకి గంటకు 34 కి.మీ., 17 మీటర్ల స్కీకి 39, 30 మీటర్ల స్కీకి 52 కి.మీ. కావాలి. మోటు లెక్కే గానీ, పోల్చి చూడటానికి పనికొస్తుంది. ఆ కోణంలో ఎడమకొకటి కుడికొకటి పూర్తి అర్ధవృత్తాలు గీస్తే 30 మీటర్ల స్కీకి అడ్డంగా 42 మీటర్ల బాట కావాలి, 17 మీటర్ల స్కీకి 24 చాలు. పక్కన నలుగురు దిగుతున్న బాటలో 42 మీటర్లు మీకెవరిస్తారు? అప్పుడిక ఆ స్కీలు నిటారుగా పరిగెడతాయి, మీరు తోక ఈడ్చి ఆపుతుంటారు.

మీ ఒడ్డూ పొడుగుకి చూడాల్సినవి: రేడియస్ 15 నుంచి 18 మీటర్లు, నడుము 66 నుంచి 72 మి.మీ., పొడవు 172 నుంచి 178 సెం.మీ., చెక్క కోర్ (లోపలి భాగం), దానికి పైనా కిందా టైటనాల్ పొరలు, నిలువు సైడ్‌వాల్ (పక్క గోడ). (టైటనాల్ అంటే టైటానియం అనుకుంటారు చాలామంది. అది అల్యూమినియం మిశ్రలోహం.) నడుము సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 82 నుంచి 68కి దిగితే అంచు పాదం మధ్యగీతకు 7 మి.మీ. దగ్గరవుతుంది. గట్టి మంచు మీద స్కీని తిరిగి బల్లపరుపుగా తిప్పేసే బలం ఆ మేరకు తగ్గుతుంది, చీలమండకు హాయి.

పేర్లు చదవడం కూడా తెలియాలి. రోసిన్యోల్ హీరో ఎలీట్‌లో ఎస్‌టీ అంటే చిన్న టర్న్‌లు, ఎల్‌టీ పెద్దవి, ఎంటీ రెండూ. ఆటమిక్ రెడ్‌స్టర్‌లో ఎస్ స్లాలోమ్ (చిన్న టర్న్‌ల పోటీ) వైపు, జీ జీఎస్ వైపు, ఎక్స్ మధ్యరకం. దాదాపు ప్రతి కంపెనీ పైమెట్టు స్కీ రంగులనే కింది మెట్టు స్కీకీ పూస్తుంది, లోపల లోహం ఉండదు. బొమ్మ చూసి కాదు, మోడల్ పేరు పూర్తిగా, ఆ ఏడాది కేటలాగుతో సరిచూసి కొనండి. స్కీ మీద అచ్చేసిన రేడియస్ ఏ పొడవుకో కూడా చూడండి. అదే మోడల్లో పొడవు మారితే రేడియస్ కూడా మారుతుంది.

ఎనభైఏడు_డిగ్రీలు:
కొనే ముందు ఒక పని. ఇప్పుడున్న స్కీల అంచుల్ని పక్క వైపు 87 డిగ్రీలకు పదును పెట్టించి ఒక రోజు దిగి చూడండి. సగంలో జారడానికి నడుము ఒక్కటే కారణం కాకపోవచ్చు. బూటు కింద భాగంలో అంచు మొద్దుబారినా అచ్చం ఇలాగే జారుతుంది. కొసలు కొట్టుకోవడం మాత్రం పదునుతో పోదు, దానికి లోహం ఉన్న స్కీ కావాల్సిందే.

పదును పెట్టేటప్పుడు ఎక్కువమంది పొరబడేది అడుగు వైపు కోణం (అంచు స్కీ అడుగు నుంచి ఎంత పైకి వాలి ఉందో) దగ్గర. పక్క కోణాన్ని ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. అడుగు వైపు ఒకసారి ఎక్కువ అరిగిస్తే మొత్తం బేస్‌ని (స్కీ అడుగుని) గ్రైండ్ చేస్తే తప్ప తగ్గదు. వేగంగా కార్వ్ చేసేవాళ్లకి 0.5 నుంచి 0.75 డిగ్రీ బాగుంటుంది. 1.5 దాటితే స్కీ ఎంతో వాలాక గానీ మంచును పట్టుకోదు, పక్కన ఎంత పదునున్నా ఆలస్యమే. ఫైలు పట్టే ముందు అంచుకి మార్కర్‌తో రంగు పూసి ఒక్కసారి గీయండి. రంగు అంచు మొత్తం మీద సమానంగా పోతే మీ గైడ్ (ఫైలుని ఒకే కోణంలో పట్టి ఉంచే పరికరం) కోణం, స్కీ కోణం ఒకటే. అంచు వెడల్పులో ఒక ఓరన మాత్రమే పోతే వేరు. ఆ తర్వాత 200, 400 గ్రిట్ డైమండ్ రాళ్లు చాలు. ప్రతి రెండు మూడు రోజులకు వాటితో గీస్తుంటే ఫైలు అవసరం అరుదుగా పడుతుంది, అంచూ ఎక్కువ కాలం నిలుస్తుంది.

పొడవు విషయంలో వాలుబాట గారితో నాకు పూర్తి ఏకీభావం లేదు. బాటలు ఇరుకైతే 165 సెం.మీ., 13 మీటర్ల స్లాలోమ్ రకమే ఎక్కువ పని చేస్తుంది. కాకపోతే నిటారుగా వేగంగా పోతున్నప్పుడు అది ఊరుకోదు, అటూ ఇటూ లాగుతుంది.

పాతసరుకు:
సెకండ్‌హ్యాండ్ జత చేతికి రాగానే చేయాల్సినవి చెబుతా. రెండు స్కీల అడుగులూ ఒకదానికొకటి ఆనించి, మధ్యలో నొక్కి, వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. ముందూ వెనకా అవి తాకే చోట్లు రెంటికీ ఒకేలా ఉండాలి. ఒక పక్క సందు కనిపిస్తే ఒక స్కీ వంగింది, బేరం ఆపేయండి. టైటనాల్ ఒకసారి వంగితే మళ్లీ సరిగా తిరిగిరాదు.

తర్వాత అంచు మందం. కొత్తదానికి సుమారు 2 మి.మీ. ఉంటుంది. 1 మి.మీ.కి దిగితే ఇంకో రెండు మూడు గ్రైండింగులకు మించి మిగలదు. ముఖ్యంగా బూటు కింద చూడండి, అరిగేది అక్కడే. అంచులో అడ్డంగా వెంట్రుకంత పగులున్నా స్కీ ఇంకా పనికొస్తుంది, అంచు బయటికి లేచి వేలికి తగిలితే వద్దు. కొసల దగ్గర పొరల మధ్య గోరు దూరితే, బైండింగ్ మరల చుట్టూ పైపొర ఉబ్బితే, లోపలికి నీరు చేరినట్టే. పైపైన తుప్పు ఉంటే భయం లేదు, రాయితో పోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ మోసపోయేది బైండింగ్ దగ్గర. తయారీదారు మద్దతు ఆపేసిన పాత మోడల్ అయితే షాపులో దాన్ని సరిచేయడానికి ఒప్పుకోరు. మోడల్ పేరు చెప్పి ముందే అడిగి తెలుసుకోండి. స్కీ చవగ్గా వచ్చినా కొత్త బైండింగ్ కొనాల్సివస్తే లెక్క తారుమారవుతుంది.

మంచుగీత:
చాలా థాంక్స్ అండీ. 193 ఆలోచన మానేశా. ఇప్పుడు రెండు కనిపించాయి. ఒకటి అద్దెకిచ్చి అమ్మేస్తున్న 170 సెం.మీ., రేడియస్ 14, పట్టాల మీద జరిగే బైండింగ్‌తో. రెండోది గత సీజన్‌ది, వాడనిది, 175 సెం.మీ., రేడియస్ 17, ధర దానికి ఒకటిన్నర రెట్లు. బూటు గ్రిప్‌వాక్ సోల్ (నడవడానికి వీలుగా వంపు తిరిగిన అడుగు), 307 మి.మీ. బూటులో మడమ కొంచెం లేస్తుంది.

పాతసరుకు:
రెండోది. అద్దె స్కీలకి గ్రైండింగులు ఎక్కువ పడతాయి కాబట్టి అంచు కొలవకుండా మొదటిది ముట్టుకోవద్దు. ఏది కొన్నా బైండింగ్ మీద గ్రిప్‌వాక్ గుర్తు ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ బూటు పెట్టకూడదు. సెట్టింగ్ (ఎంత బలానికి బూటు ఊడాలో చెప్పే అంకె) మీ ఊహకి వదలకండి. బరువు, ఎత్తు, వయసు, సోల్ పొడవు, స్కీయింగ్ తీరు, ఈ అయిదింటిని బట్టి పట్టికలో చూసి షాపులో పెడతారు. వచ్చిన అంకె బైండింగ్ స్కేలు చివర్లో కాకుండా నడుమ పడాలి. వెనక స్ప్రింగు ఒత్తిడి (బైండింగ్ వెనక భాగం బూటును ముందుకు నెట్టే బలం) గుర్తు కూడా సరిపోవాలి. అంకె సరిగ్గా ఉన్నా ఈ ఒత్తిడి తప్పితే బూటు వదలాల్సినప్పుడు వదలదు, వద్దన్నప్పుడు ఊడిపోతుంది.

వాలుబాట:
మడమ లేస్తుందన్నారు, అసలు ఖర్చు అక్కడ పెట్టాలి. మడమ లేచినంతసేపూ మీరు కాలు వాల్చిన తర్వాతే స్కీ వాలుతుంది, ఎంత మంచి స్కీ అయినా ఆ ఆలస్యాన్ని పూడ్చలేదు. లైనర్ (బూటు లోపలి మెత్తటి తొడుగు) తీసి, వట్టి షెల్‌లో (బయటి గట్టి డిప్పలో) వేళ్లు ముందుకు ఆనించి నిలబడితే మడమ వెనక సందు 10 నుంచి 15 మి.మీ. ఉండాలి. 20 దాటితే షెల్ పెద్దది, ప్యాడ్లు అతికించినా కొన్నాళ్లకు మళ్లీ లేస్తుంది. అలా తేలితే రెండో జతకి పెట్టాలనుకున్న అదనపు డబ్బు బూటుకి మళ్లించి, మొదటి జతని అంచు కొలిచి తీసుకోండి. షెల్ సరిపోయి లైనర్ మాత్రమే నలిగి ఉంటే 175 కొనేయండి.