డెబ్బై ఏళ్లు రాణిగా ఉన్నావిడని అభిమానిస్తే తప్పా?

వన్‌టౌన్ వాసి:
నిన్న సాయంత్రం మన విశాఖ వన్‌టౌన్‌లో రాణి బొమ్మ దగ్గర టీ తాగుతుంటే మొదలైంది గొడవ. బొమ్మ విక్టోరియాది, నేను పొగిడింది మొన్నటి బ్రిటన్ రాణి ఎలిజబెత్‌ని. "నీకింకా బానిస బుద్ధి పోలేదురా" అన్నాడు మా వాడు. ఇంటికొచ్చినా ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది, అందుకే ఇక్కడ పెడుతున్నా.

1952లో తండ్రి పోతే ఇరవై అయిదేళ్లకే ఆవిడ గద్దె ఎక్కింది. 2022 సెప్టెంబరు 8న కన్నుమూసేదాకా దిగలేదు. చర్చిల్‌తో మొదలుపెట్టి పదిహేనో ప్రధాని లిజ్ ట్రస్‌ని నియమించింది సెప్టెంబరు 6న, అంటే పోవడానికి రెండు రోజుల ముందు. ఆనాటి ఫొటో చూశారా? బూడిదరంగు స్వెట్టరు, చేతికర్ర, వెనక చలిమంట. చేతి మీద నీలంగా కమిలిన పెద్ద మచ్చ. ఆఖరి వారంలో సెలైన్ సూదులు గుచ్చీ గుచ్చీ మా అమ్మ చెయ్యి అచ్చం అలాగే అయింది. అలా పడుకునే "పాలవాడి లెక్క రాశావా" అని అడిగేది. ఆ ఫొటో చూశాకే నాకు ఆవిడ మీద అభిమానం కలిగింది. ఇందులో బానిస బుద్ధి ఏముంది?

గాజువాక కుర్రాడు:
సార్, అమ్మగారి మీద గౌరవంతోనే అంటున్నా. మీరు అభిమానిస్తున్నది రాణిని కాదు, మీ అమ్మని. ఆ లెక్క రాయించినావిడకి గుర్రబ్బగ్గీ లేదు, ఆదాయప్పన్ను మినహాయింపూ లేదు. రాణిగారు 1993లో గానీ ఆదాయప్పన్ను కట్టడం మొదలుపెట్టలేదు.

ఇంకో మాట. మన కేజీహెచ్, అదే కింగ్ జార్జి ఆసుపత్రి, పేరులో ఉన్న కింగ్ జార్జి ఈవిడ తాతగారే. ఆసుపత్రి తెరిచింది 1923లో. సరిగ్గా అప్పుడే మన్యంలో అల్లూరి కోసం పోలీసులు కొండలన్నీ గాలిస్తున్నారు. మరుసటి ఏడాది మే 7న చంపేశారు. ఆసుపత్రి కట్టిందీ, సీతారామరాజుని కాల్చిందీ ఒకే రాజు పేరు మీద.

సీతమ్మధార మాస్టారు:
బాబూ, ఆ రాజుకి అల్లూరి తిరగబడ్డ రంప ఎక్కడుందో కూడా తెలిసి ఉండదు. నిర్ణయాలన్నీ మంత్రులవి, అధికారులవి. అక్కడి రాచరికం విలువే అది. ప్రభుత్వాలు మారుతుంటాయి, దేశానికి పెద్దగా ఉన్న మనిషి మాత్రం ఏ పార్టీకీ చెందదు. ఎన్నికల్లో ఓడినవాడు కూడా తల వంచే చోటు ఒకటి ఉండాలి.

గాజువాక కుర్రాడు:
ఇదే మాస్టారూ నాకు అర్థం కానిది. తిట్టబోతే "ఆవిడ చేతిలో ఏముంది పాపం" అంటారు. పొగిడేటప్పుడు మాత్రం డెబ్బై ఏళ్లు దేశాన్ని నడిపించింది అంటారు. రెండిట్లో ఏదో ఒకటి చెప్పండి. పార్టీకి అతీతమైన పెద్ద కావాలంటే మనకి రాష్ట్రపతి ఉన్నారుగా. అయిదేళ్లకి ఇల్లు ఖాళీ చేసి వెళ్తారు, కొడుక్కి రాసివ్వరు.

కంచరపాలెం కాకి:
కొడుక్కి రాసివ్వడం గురించి మనం మాట్లాడుకోవాలా గురూ? మన ఎమ్మెల్యే టిక్కెట్లు ఎవరెవరికి వెళ్తున్నాయో ఓసారి చూడు.

బీచ్‌రోడ్డు బాటసారి:
నేను బ్యాంకాక్‌లో కొన్నాళ్లు పనిచేశా. భూమిబల్ రాజు కూడా డెబ్బై ఏళ్లు ఏలాడు, 1946 నుంచి 2016 దాకా. ప్రతి దుకాణంలో ఆయన ఫొటో. చాలామందిది నిజమైన ప్రేమే, కళ్లారా చూశా. కానీ అక్కడ రాజుని అవమానించారంటే మూడు నుంచి పదిహేనేళ్ల జైలు. అలాంటి చట్టం ఉన్నచోట ఎవరు మనస్ఫూర్తిగా దండం పెడుతున్నారో, ఎవరు భయంతో పెడుతున్నారో ఎలా తెలుస్తుంది? ఇంగ్లండులో రాణి మీద కార్టూన్లు వేసి కూడా అభిమానించారు. నా దృష్టిలో అది ఎక్కువ.

సీతమ్మధార మాస్టారు:
దూరం ఎందుకు, పక్కనే ఒడిశాలోని జయపురం మహారాజా విక్రమదేవ వర్మ గారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. ఆ రోజుల్లో లక్ష! నేను చదువుకున్నది ఆ విశ్వవిద్యాలయం సైన్సు కాలేజీలోనే. ఆయన్ని అభిమానిస్తే నన్నూ బానిస అంటారా?

గాజువాక కుర్రాడు:
అనను మాస్టారూ. దానం చేశారు, కాదనను. కానీ ఆ లక్ష కొండమీది రైతు కట్టిన శిస్తులోంచి వచ్చింది. శిలాఫలకం మీద రైతు పేరు వేయరుగా.

కంచరపాలెం కాకి:
శిలాఫలకాలు ఎవడు చదువుతాడురా. ఆటో ఎక్కి కేజీహెచ్ అంటే కె ఎవరు, జి ఎవరు అని ఎవడైనా అడిగాడా ఇంతవరకూ?

వన్‌టౌన్ వాసి:
ఇన్ని మాటలు పడతానని అనుకోలేదు. గాజువాక తమ్ముడి ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆవిడ 1997లో జలియన్‌వాలాబాగ్ వెళ్లి పూలగుచ్ఛం పెట్టింది, క్షమాపణ మాత్రం చెప్పలేదు. అది నాకూ మింగుడు పడదు. 1966లో వేల్సులో అబర్‌ఫాన్ బడి మీద బొగ్గుగని మట్టిగుట్ట జారిపడి 116 మంది పిల్లలు పోతే, ఎనిమిది రోజులకి గానీ అక్కడికి వెళ్లలేదు. కాబట్టి గద్దె సంగతి వదిలేస్తున్నా, దాన్ని సమర్థించడం నా వల్ల కాదు.

ఫొటో సంగతి మాత్రం వదలను. అమ్మని చూసి ఆవిడని అభిమానిస్తున్నానంటే కావచ్చు. తొంభై ఆరేళ్ల మనిషి కర్ర పట్టుకుని లేచి నిలబడి, కమిలిన ఆ చేత్తోనే కొత్త ప్రధానికి కరచాలనం చేసింది. ఆ పూటకి రానని చెప్పినా ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు.

గాజువాక కుర్రాడు:
సరే సార్, ఆ కరచాలనం వరకూ మీకే వదిలేస్తున్నా. రేపు టీకి నేనూ వస్తా. బొమ్మకి వీపు పెట్టి కూర్చుంటా, ఏమీ అనుకోకండి.