అప్‌డేట్: గ్యాస్ట్రిక్ బైపాస్ తర్వాత తిరగబెట్టిన డిప్రెషన్‌కి కారణం మాత్ర రకం

గ్యాస్ట్రిక్ బైపాస్ (బరువు తగ్గడానికి చేసే పొట్ట ఆపరేషన్) అయిన నాలుగో నెలలో, మందు ఒక్క పూట మానకపోయినా అక్కకి డిప్రెషన్ ఎందుకు తిరగబెట్టిందని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. "స్ట్రిప్ మీద సీఆర్ అని ఉందేమో చూడండి" అన్న సలహాయే పనికొచ్చింది. ఉంది: పారోక్సెటిన్ సీఆర్ 25. పారోక్సెటిన్ అంటే డిప్రెషన్ మందు, సీఆర్ అంటే కంట్రోల్డ్ రిలీజ్, మందుని కొంచెం కొంచెంగా వదిలే రకం. ఆ మాత్ర గంటల తరబడి నెమ్మదిగా కరగాలి. బైపాస్ తర్వాత తిన్నది చిన్నపేగు మొదటి భాగంలోకి వెళ్లకుండా దాటిపోతుంది, అందుకే మందు సరిగ్గా ఒంటబట్టట్లేదన్నారు సైకియాట్రిస్ట్. మామూలు పారోక్సెటిన్ 20కి మార్చారు. ఆరు వారాల్లో పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే ప్రశ్నావళి) స్కోరు 17 నుంచి 6కి దిగింది.

థైరాయిడ్, బీ12 నార్మలే, వాటితో సంబంధం లేదు. సీఆర్ మాత్రని నలిపి మాత్రం వేసుకోవద్దు, మోతాదంతా ఒక్కసారే విడుదలవుతుంది. చనిపోవాలన్న ఆలోచనలొస్తే అదే రోజు డాక్టర్ని కలవండి, తర్వాతి చెకప్ దాకా ఆగొద్దు.