నిరుద్యోగ భృతికి మొదటిసారి అప్లై చేస్తున్నాను, ఒక సందేహం
అందరికీ నమస్కారం. కంపెనీలో మనుషుల్ని తగ్గించడంతో నా ఉద్యోగం పోయింది. నిరుద్యోగ భృతికి అప్లై చేయడం ఇదే మొదటిసారి. ఫారంలో ‘ఉద్యోగం మానడానికి కారణం’ అనే గడి దగ్గర ఆగిపోయాను. తీసేసింది వాళ్లే, కానీ హెచ్‌ఆర్ ఇచ్చిన లెటర్‌లో మాత్రం రాజీనామా అని ఉంది. తమంతట తాము మానేసినవాళ్లకు భృతి రావడం కష్టం కదా, అందుకే టెన్షన్‌గా ఉంది.

జరిగింది జరిగినట్టు రాసి, రేపట్నుంచి రావద్దని మేనేజర్ పంపిన మెయిల్ జత చేస్తే సరిపోతుందా? లేక ముందు లెటర్ మార్పించుకోవాలా? అందాకా ఆగితే గడువు దాటిపోతుందేమోనని భయం. వాడుకోని సెలవులకు వచ్చే డబ్బు కూడా ఆదాయం కింద చూపించాలా? ఇలాంటిది ఎదురైనవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. వచ్చే నెల ఇంటి అద్దె దీని మీదే ఆధారపడి ఉంది.