సీరియం 3డి పీకుల గోల: శాంపిలే అలాంటిదా, మనం పాడుచేశామా?

నాచారం_రవ్వ: నమస్తే అండీ. సీరియం ఆక్సైడ్ (సీరియా) పొడిని పెల్లెట్ నొక్కి ఎక్స్‌పీఎస్‌కి ఇచ్చాను, అంటే ఎక్స్‌రే కొట్టి బయటికొచ్చే ఎలక్ట్రాన్ల శక్తి కొలిచే పరీక్షకి. సీరియం 3డి (దాని లోపలి షెల్ ఎలక్ట్రాన్లు) పీకుల్లో 885, 904 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉబ్బుగా వచ్చింది. ఫిట్టింగ్ చేస్తే మూడో వంతు సీరియం 3+ (మూడు ఎలక్ట్రాన్లు పోయిన రూపం) అంటోంది. నేను కాల్చిందేమో మామూలు గాల్లో, 600 డిగ్రీల దగ్గర. అలాగైతే దాదాపు అంతా 4+ ఉండాలిగా. గైడ్ గారు సంబరపడుతున్నారు, నాకేమో టెన్షన్.

తార్నాక_చుక్క: కొలిచే ముందు ఆర్గాన్ అయాన్లతో కొట్టారా (స్పట్టరింగ్)?

నాచారం_రవ్వ: అవునక్కా. పైనున్న కార్బన్ పోవాలని ఆపరేటర్ కాసేపు కొట్టారు.

తార్నాక_చుక్క: ఇంకేం, దొంగ దొరికాడు. ఆ దెబ్బకు ఆక్సిజన్ ముందుగా ఊడిపోతుంది, పైపొరలో 4+ కాస్తా 3+ అయి కూర్చుంటుంది. నేనూ ఇదే చేసి, "ఆక్సిజన్ ఖాళీలు" అని పేపర్ రాసి పంపాను. రివ్యూయర్ అడిగింది ఒక్కటే: స్పట్టరింగ్‌కి ముందు స్పెక్ట్రమ్ ఏదీ? నా దగ్గర లేదు. ఆరు నెలలు గోదాట్లో కలిసిపోయాయి. తమ్ముడూ, 916.7 దగ్గరి పీక్ చూడు. అది 4+ సొంతం, 4ఎఫ్ అనే ఎలక్ట్రాన్ల గూడు ఖాళీగా మిగిలిన స్థితిది. 3+ దాని జోలికి రాదు.

గచ్చిబౌలి_గుండురాయి: స్పట్టరింగ్ ఒక్కదాన్నే అనకండి. వాక్యూమ్‌లో ఎక్స్‌రే కింద ఊరికే ఉంచినా సీరియా మెల్లగా క్షయకరణం చెందుతుంది, అంటే 4+ నుంచి 3+కి దిగుతుంది. మా దగ్గర సర్వే స్కాన్, ఆక్సిజన్, కార్బన్ అన్నీ అయ్యాక చివర్లో సీరియం తీసేవారు. తిరగేయించాను. ముందు సీరియం 3డి, అన్నీ అయ్యాక మళ్ళీ అదే. రెండూ ఒకదానిమీద ఒకటి పెడితే ఎంత మారిందో కళ్ళకు కడుతుంది. ఇంకోటి, కార్బన్ పీక్‌ని 284.8 దగ్గర పెట్టి స్కేలు సరిచేసుకుంటాం కదా, దాన్ని మొత్తం గీకేస్తే సరిచేసుకునేది దేంతో? శాంపిల్ ఇన్సులేటర్, చార్జ్ ఎక్కి పీకులన్నీ జరిగిపోతాయి. అప్పుడు నన్నాదుకున్నదీ ఆ 916.7 పీకే.

ఇరానీ_చాయ్: నాది మెటల్ కాంపౌండ్ల లోకం. అక్కడ శాంపిల్‌ని వాక్యూమ్‌లోనే విరిచి చూస్తాం, గాలి సోకనివ్వం. అయినా బాధ తప్పదు. సమేరియం, యిటెర్బియం పైపొరలో ఒక వేలెన్సీ (2+, 3+ లాంటి స్థితి), లోపల ఇంకొకటి చూపిస్తాయి. బయటికొచ్చే ఎలక్ట్రాన్లు పైనున్న కొద్ది నానోమీటర్లవే మరి. లోపలి సంగతి కావాలంటే కొన్ని వేల ఎలక్ట్రాన్ వోల్టుల ఎక్స్‌రే కావాలి. 4ఎఫ్ ఎక్కడుందో పట్టుకోవడానికి మాత్రం హీలియం దీపం చాలు: దాని 21.2 ఎలక్ట్రాన్ వోల్టుల కాంతితో ఒకసారి, 40.8తో ఒకసారి తీయండి. రెండోదాంట్లో పైకి లేచిన చోట 4ఎఫ్‌ని అనుమానించవచ్చు. తేల్చుకోవాలంటే సింక్రోట్రాన్ (కాంతి శక్తిని కావాల్సినట్టు మార్చుకోగల పెద్ద యంత్రం) మీద, సీరియంకైతే 122 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర రెజొనెన్స్ (4ఎఫ్ సిగ్నల్ ఒక్కసారిగా పెరగడం) చూడాలి. దానికి ఇండోర్ రైలెక్కాల్సిందే, ఇండస్-1 అనే సింక్రోట్రాన్ అక్కడుంది.

నాచారం_రవ్వ: రెండు వారాలైంది. కొత్త పెల్లెట్, స్పట్టరింగ్ లేదు, సీరియం ముందు. ఉబ్బు బాగా తగ్గింది, 916.7 నిటారుగా నిలబడింది. మూడు గంటల తర్వాత తీసిన దాంట్లో 885 దగ్గర మళ్ళీ కొంచెం లేచింది. రెండూ ప్రింట్ తీసి బ్యాగులో పెట్టుకున్నా. గైడ్ గారికి ఇంకా చూపించలేదు.