సమస్యాపూరణం: «స్వరము తప్పి తండ్రి చంపె సుతుని»

ఈ పక్షం సమస్యను ఆటవెలది నాలుగో పాదంగా ఇస్తున్నాను. యతి స్వ–చం. మనకు స్వరమంటే గొంతు, అచ్చు, సరిగమల్లో ఒకటి, వేదపాఠంలోని ఎత్తుపల్లం కూడా. ఇంగ్లీషువారు యాసను, పలుకులోని ఊనికను, అక్షరం మీది గీతను, తాళంలో పడే గట్టి దెబ్బను యాక్సెంట్ అనే ఒక్క మాటలో కలిపినట్టే, మనమూ ఇన్నిటిని స్వరంలో ఇమిడ్చుకున్నాం. అందువల్ల పూరించేవారు తప్పిన స్వరం ఏదో ముందు తేల్చుకొని, ఆ తప్పుకూ చావుకూ లంకె చూపాలని మనవి.
— నిర్వాహకుడు, చిక్కడపల్లి

నల్లకుంట మిత్రుల పూరణం:

త్వష్ట వేల్చె నగ్ని దర్పంబు మీఱంగ
నింద్రశత్రు! వృద్ధి నెనయు మనుచు;
తుదకుఁ జెందు నెత్తు తొలియచ్చునకుఁ జేర
స్వరము తప్పి తండ్రి చంపె సుతుని.

నిర్వాహకుడు: ఈ సమస్యకు మొదట ఈ పూరణమే రావాలని ఆశపడ్డాను. 'ఇంద్రశత్రు' అనే సమాసంలో చివరి అచ్చు ఉదాత్తమైతే, అంటే గొంతెత్తి పలికితే, అది తత్పురుషమై 'ఇంద్రుణ్ణి చంపేవాడు' అని అర్థమిస్తుంది. మొదటి అచ్చు ఉదాత్తమైతే బహువ్రీహియై 'ఇంద్రుడే తనను చంపేవాడుగా గలవాడు' అవుతుంది. త్వష్ట కోరింది మొదటిది, నోట వచ్చింది రెండవది, ఆ హోమంలో పుట్టి పెరిగిన కొడుకు వృత్రుడు ఇంద్రుని చేతిలోనే పోయాడు. క్రీ.పూ. 2వ శతాబ్దంలో పతంజలి వ్యాకరణం ఎందుకు చదవాలో చెబుతూ మహాభాష్యం మొదట్లోనే ఈ కథను గుర్తుచేశాడు. పాణిని 'ఉచ్చైరుదాత్తః' అన్నదాన్ని మీరు 'ఎత్తు' అనే అచ్చ తెలుగు మాటతో పట్టుకోవడం నాకెంతో నచ్చింది.

ఒక్కచోట మాత్రం విభేదిస్తాను. విశ్వరూపుణ్ణి ఇంద్రుడు చంపిన తరువాత త్వష్ట ఆ హోమం చేశాడు కాబట్టి ఆయనది దర్పం కాదు, పుత్రశోకం. «త్వష్ట వేల్చె నగ్ని దహియించు శోకాన» అంటే యతి చెడదు, ఒక కొడుకు కోసం ఏడుస్తూ ఇంకొక కొడుకును పోగొట్టుకున్న తండ్రి కనిపిస్తాడు.

మా తాతగారి యజుర్వేద పుస్తకం ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. నమకం మొదటి పంక్తిలో 'నమస్తే' అన్నచోట 'మ' నెత్తిన నిలువుగీత ఉంటుంది, అది స్వరితం, ఎక్కి దిగే స్వరం. రెండు మాటల తరువాత 'మన్యవ' అన్నచోట అదే 'మ' అడుగున అడ్డగీత ఉంటుంది, అది అనుదాత్తం, దించి పలికే స్వరం. ఉదాత్తానికి గుర్తే ఉండదు. అడుగుగీత వచ్చినప్పుడల్లా తాతగారు నా తల మీద చెయ్యి వేసి మెల్లగా కిందికి వంచేవారు. ఆ పంక్తి ఎక్కడ విన్నా నా మెడ ఈనాటికీ వంగుతుంది.

మలక్‌పేట సభ్యురాలి పూరణం:

అడుగవలసినట్టి యనుమానమే పోయి
వార్తయై నిలిచెను వాడలోన
ప్రశ్నగుర్తు లేని పలుకులో నొకమాట
స్వరము తప్పి, "తండ్రి చంపె సుతుని".

నిర్వాహకుడు: దీన్నే ఆలంకారికులు కాకువు అంటారు. చివర గొంతు లేస్తే ప్రశ్న, దిగితే వార్త. దోషం లేని పూరణం, అమ్మా.

బర్కత్‌పుర మిత్రుల పూరణం:

సూతుఁ గూల్చె ననఁగఁ జూడక వ్రాయుచు
దీర్ఘ మొకటి విడిచె, దిద్దఁడయ్యె;
వ్రాయసంపువాని వ్రాతలోఁ గననయ్యె
స్వరము తప్పి, "తండ్రి చంపె సుతుని".

నిర్వాహకుడు: స్వరానికి అచ్చు అనే అర్థం తీసుకొని, కొమ్ముదీర్ఘం జారితే సారథి కొడుకైపోవడం చూపారు. మన భాషకు చక్కగా అమరిన ఊహ ఇది, ఎందుకంటే తెలుగులో ఊనిక మారినంత మాత్రాన మాట అర్థం మారదు, నిడివి మారితే మారుతుంది. మన పద్యం గురులఘువుల మీద నడిచేదీ అందుకే. ఇంగ్లీషులో 'రికార్డ్' అనే మాట మొదట ఊనితే నామవాచకం, చివర ఊనితే క్రియ. అయితే మీ వ్రాయసగాడు ఎదురుగా పెట్టుకున్నది వచనమే అయివుండాలి. పద్యమైతే 'సూతుని' అన్నచోట సూర్యగణం కుదరక, తప్పు చదివేవారి చెవికి ముందే దొరికేది.

కాచిగూడ నుంచి కొత్త సభ్యుని పూరణం:

తాళమందు సమము తప్పి పాడిన వేళ
నెదుటి పాత్ర చావు ముందె వచ్చె;
మద్దెలకును నోటి మాటకుం దగవైన
స్వరము తప్పి తండ్రి చంపె సుతుని.

నిర్వాహకుడు: నాయనా, రెండో పాదంలో యతి తప్పింది, 'ఎ'కారానికి ఇ, ఈ, ఏ చెల్లుతాయి కాని 'ము' చెల్లదు. «ముందె కూలె నెదుటి ముద్దుపాత్ర» అని మార్చిచూడు. మూడో పాదం మాత్రం పెద్దల పద్యంలో ఉండదగినది.

ఇక విషయానికి వస్తే, సమం, అంటే తాళం ఎత్తుకునే చోటు, తప్పడం కాలానికి సంబంధించినది, స్వరం తప్పడం శ్రుతికి సంబంధించినది. నీవు రెంటినీ కలిపావు. కాని ఈ కలయిక యాక్సెంట్ అనే మాట పుట్టుకలోనే ఉంది. గ్రీకులో ప్రోసోడియా అన్నా, దానికి అనువాదంగా లాటిన్ వారు చేసుకున్న అక్సెంటుస్ అనే మాట అన్నా 'పాటతో చేరినది' అనే అర్థం. అంటే మొదట అది గొంతు ఎక్కడం, దిగడమే. క్రీ.పూ. 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియా గ్రంథపాలకుడైన బైజాంటియం అరిస్టోఫనీస్ ఎక్కే గీత, దిగే గీత, ఎక్కి దిగే గీత పెట్టాడని సంప్రదాయం చెబుతుంది. మన ఉదాత్త, అనుదాత్త, స్వరితాలకు అవి ఎంత దగ్గరగా ఉన్నాయో చూడు. ఆ తరువాత గ్రీకులో శ్రుతిభేదం పోయి ఊనిక మిగిలింది, ఆ మాట తాళంలోని దెబ్బకు కూడా పేరైంది. మన పాణినీయ శిక్ష అయితే నిషాద గాంధారాలు ఉదాత్తం నుంచి, రిషభ ధైవతాలు అనుదాత్తం నుంచి, షడ్జ మధ్యమ పంచమాలు స్వరితం నుంచి పుట్టాయని చెప్పి, పలుకును తిన్నగా పాటకు ముడివేసింది.

ఎల్బీనగర్ సభ్యుని పూరణం:

ఇంటి యాస వలదు హీనమ్మదని దిద్ది
పరుల పలుకు నేర్పె బాలునకును;
నోటఁ దల్లిమాట నొక్కుచు నొక్కుచు
స్వరము తప్పి తండ్రి చంపె సుతుని.

నిర్వాహకుడు: 'నొక్కుచు' అన్న మాట ఊనికనూ, అణచివేతనూ ఒకేసారి చెబుతోంది. ఏటా సెప్టెంబరు 9న కాళోజీ జయంతిని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకునే ఈ నగరంలో ఈ పద్యం రావలసిందే. నా అభ్యంతరాలు రెండు. 'నేర్పె' అని వాక్యం ముగిసిపోయాక మూడో పాదం వేరుపడింది. స్వరం తప్పింది ఎవరిదో కూడా తేలలేదు. కొడుకుదైతే 'తప్పి' అన్న క్త్వార్థానికి (ముందు జరిగిన పనిని చెప్పే అసమాపక క్రియకు) కర్త కుదరదు.

ఎల్బీనగర్ సభ్యుడు: మొదటి అభ్యంతరం శిరోధార్యం. రెండో పాదాన్ని «పరుల పలుకు నేర్పు పట్టుదలను» అని దిద్దుకుంటున్నాను. రెండోదానికి మాత్రం నా సమాధానం వినండి. స్వరం తప్పింది తండ్రిదే. మా నాన్న నల్లగొండ దగ్గరి పల్లె నుంచి ఉద్యోగానికి నగరం వచ్చి, ఆఫీసులో నవ్వుతారని ముందు తన నోటినే దిద్దుకున్నారు, ఆ తరువాతే నన్ను దిద్దారు. ఊళ్లో ఉన్న మా మేనత్తతో ఫోనులో మాట్లాడేటప్పుడు మాత్రం ఆయన నోట 'వచ్చిండు', 'పోయిండు' అని వచ్చేది. నేను ఆ గదిలో అడుగుపెడితే వాక్యం మధ్యలోనే 'వచ్చాడు' అయ్యేది.